ముందు వేదికకు వినపడాలి

పాట మధ్యలో గాయని అరచేత్తో చెవి మూసుకుంటే చూసేవాళ్ళకు అది లీనమై పాడటంలా కనిపిస్తుంది. సౌండ్ మిక్సర్ దగ్గర కూర్చున్న నాకు మాత్రం గుండె ఝల్లుమంటుంది. తన గొంతు తనకు వినపడటం లేదని ఆమె చెప్తోంది. చెవి మూస్తే బయటి గోల కొంత తగ్గుతుంది. సొంత గొంతు ఎముకల గుండా లోపలి నుంచే చెవికి చేరుతుంది. శ్రుతి పట్టుకోవడానికి ఆ క్షణంలో ఆమెకు మిగిలిన దారి అదొక్కటే.

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఆర్కెస్ట్రాలకు సౌండ్ పెట్టడం నా పని. పెళ్ళి రిసెప్షన్లు, వినాయక చవితి పందిళ్ళు, కాలేజీ ఫంక్షన్లు, జాతర రోజుల్లో వీధి స్టేజీలు, అప్పుడప్పుడూ శాస్త్రీయ కచేరీలు. ఇన్నేళ్ళ తర్వాత నేను గట్టిగా నమ్మేది, ఎవరితోనైనా వాదించేది ఒక్కటే విషయం. సౌండ్ చెక్‌కు గంట టైమ్ ఉంటే అందులో సగానికి పైగా వేదిక మీద వాళ్ళకే ఇవ్వాలి. వాళ్ళకు సరిగ్గా వినపడిన తర్వాతే జనం వైపు బాక్సుల సంగతి చూడాలి. మా లైన్లో చాలామంది దీన్ని ఒప్పుకోరు. డబ్బులిచ్చేది కింద కూర్చున్నవాళ్ళు కదా అంటారు. ఒకప్పుడు నేనూ అదే అనేవాణ్ణి.

నా మాట మారింది తిరుచానూరు రోడ్డులో ఒక కల్యాణమండపంలో. రిసెప్షన్. డిగ్రీ చదువుతున్న అమ్మాయి పాడుతోంది. సాయంత్రం నాలుగింటికి ఖాళీ హాల్లో రిహార్సల్ చేసినప్పుడు ఒక్క స్వరం కూడా పక్కకు పోలేదు. రాత్రి ఎనిమిదిన్నరకు, హాలు నిండాక, రెండో చరణంలో శ్రుతి పైకి పోయింది. కీబోర్డ్ ఒకచోట, ఆమె ఇంకోచోట. మూడో పాటకు గొంతు బొంగురుపోయింది. ముందు వరసలో ఒకాయన "ఇంకెవరూ దొరకలేదా?" అని అందరికీ వినపడేలా అన్నాడు. ఆ అమ్మాయి వేదిక దిగి, భోజనాల హాలు వెనక గోడ పక్కన నిలబడి ఏడ్చింది.

తప్పు ఆమెది కాదు. ఆరుగురు కళాకారులకు నేను పెట్టింది రెండే మానిటర్లు. అందులో ఆమె ముందున్నదాన్ని పూల డెకరేషన్ వాళ్ళు ఫోటోలో కనపడుతోందని పక్కకు జరిపి, మీద తెల్ల గుడ్డ కప్పారు. నేను చూశాను. జనం వైపు సౌండ్ బాగానే ఉంది కదా అని ఊరుకున్నాను. ఆ రాత్రి అందరి ముందూ మాట పడింది ఆమె. పడాల్సింది నేను.

మానిటర్ అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. వేదిక అంచున, కళాకారుల వైపు ముఖం ఎత్తి, ఏటవాలుగా పడుకోబెట్టి ఉండే బాక్సే మానిటర్. పాతవాళ్ళు ఫోల్డ్‌బ్యాక్ అంటారు. జనానికి వెళ్ళే పెద్ద బాక్సులు కళాకారులకు ముందు, అవతలి వైపు తిరిగి ఉంటాయి. వాటి వెనక నిలబడితే గుడగుడమనే బేస్ తప్ప మాట తెలియదు. అందుకే వేదిక మీద వాళ్ళకు వేరే మిక్స్, అంటే గొంతులు, వాయిద్యాలు కావాల్సిన పాళ్ళలో కలిపిన శబ్దం, తయారుచేసి ఈ చిన్న బాక్సుల్లోంచి ఇస్తాం.

"హాల్లో అంత సౌండ్ వస్తోంది, అది వాళ్ళకు వినపడదా?" అని పెళ్ళివాళ్ళు నన్ను ఎన్నోసార్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. వినపడుతుంది, ఆలస్యంగా. మన వేడిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. 30 మీటర్ల పొడవున్న మండపంలో బాక్సు నుంచి బయలుదేరిన శబ్దం వెనక గోడకు తగిలి తిరిగి వేదికకు వచ్చేసరికి 60 మీటర్లు. అంటే సుమారు 170 మిల్లీసెకన్లు. నిమిషానికి 120 దెబ్బలు పడే మామూలు హుషారు పాటలో ఒక దెబ్బకు 500 మిల్లీసెకన్లు. దాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 125. గోడకు తగిలి వచ్చిన తాళం ఆ ముక్క కంటే వెనకబడి చేరుతోంది. డోలక్ వాయించే మనిషి దాన్ని నమ్ముకుంటే పాట నడక కుంటుపడుతుంది. అతను వెనకబడితే గాయకుడు ఆగుతాడు, గాయకుడు ఆగాడని కీబోర్డ్ వాయించే అబ్బాయి ఇంకా ఆగుతాడు. పాట ఈడుస్తోందని జనం అంటారు.

ఇది మన ఊరి కష్టం మాత్రమే కాదు. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ పాడినప్పుడు జనం 55 వేలకు పైనే. వేదిక మీద ఒక్క మానిటర్ లేదు. జనం కేకల్లో ఆ నలుగురికీ తాము ఏం వాయిస్తున్నారో తమకే వినపడలేదు. మరుసటి ఏడాది ఆగస్టుతో వాళ్ళు టూర్లే మానేశారు. మానడానికి కారణాలు చాలా ఉన్నాయి, వాయించేది వినపడకపోవడం వాటిలో ఒకటి. అంత పేరున్న బృందానికే ఆ గతి పట్టినప్పుడు డిగ్రీ చదివే అమ్మాయిని ఏమని అంటాం?

ఎటియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచ్ చెవి వైద్యుడు 1911లో ఒక సంగతి గమనించి రాశాడు. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో డప్పుల మధ్య పక్కవాడితో మాట్లాడినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చి చూసుకుంటే గొంతు ఉండదు. వేదిక మీద జరిగేదీ అదే. తన గొంతు వినపడని గాయని ఇంకా గట్టిగా పాడుతుంది. గట్టిగా తోసే కొద్దీ స్వరం మీద పట్టు పోతుంది. రెండు గంటల ప్రోగ్రామ్‌లో మొదటి అరగంటకే గొంతు అరిగిపోతుంది. తర్వాత మిగిలిన పాటలన్నీ ఆ అరిగిన గొంతుతోనే.

అందుకే అపశ్రుతి విన్నప్పుడు నేను ముందు మానిటర్ వైపు చూస్తాను. శ్రుతి రాని గాయకులు లేరని కాదు, ఉన్నారు. కానీ రిహార్సల్లో బాగా పాడి రాత్రి తప్పిన మనిషి విషయంలో మొదటి అనుమానం సౌండ్ మీదే రావాలి.

ఇక నా తోటివాళ్ళతో వాదన. వినపడటం లేదని ఎవరైనా అనగానే మనం చేసే మొదటి పని పెంచడం. గాయని గొంతు పెంచుతాం. అప్పుడు ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయించేవాడు "నాది వినపళ్ళేదు నా" అంటాడు. అతనిది పెంచుతాం. కీబోర్డ్ అబ్బాయి చెయ్యి పైకెత్తి చూపిస్తాడు. అతనిదీ పెంచుతాం. పావుగంటలో అందరి మానిటర్లలో అన్నీ ఉంటాయి, ఎవరికీ ఏదీ తెలియదు. తర్వాత కుయ్యిమని హౌలింగ్ మొదలవుతుంది. మైకు తన శబ్దాన్ని తానే మళ్ళీ మళ్ళీ మింగి, కక్కడం అది. మానిటర్లోంచి వచ్చిన శబ్దం మైకులో పడుతుంది, మైకు నుంచి మళ్ళీ మానిటర్లోకి పోతుంది. ఒక్కో చుట్టుకూ తగ్గకుండా తిరిగితే చాలు, చెవులు పగిలే విజిల్ తయారు. ఇంకో లెక్క కూడా ఉంది. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ హౌలింగ్‌కు ముందు మనకున్న వెసులుబాటులో 3 డెసిబెల్స్ (శబ్దం గట్టిదనానికి కొలత) పోతాయి. కోరస్ కోసం నాలుగు మైకులు అలా తెరిచి వదిలేస్తే అసలు గాయని మానిటర్ నుంచే ఆ మేర కోత పడుతుంది. పాడనివాళ్ళ మైకు మూసెయ్యడం బద్ధకం లేకుండా చెయ్యాల్సిన పని.

మానిటర్ మిక్స్ అంటే జనానికి ఇచ్చే మిక్స్‌కు చిన్న నకలు అనుకోవడమే అసలు పొరపాటు. జనానికి మొత్తం పాట కావాలి. కళాకారుడికి తన పని చేసుకోవడానికి అవసరమైనది చాలు. గాయనికి కావాల్సింది తన గొంతు, స్వరం పట్టుకోవడానికి కీబోర్డ్, కొద్దిగా తాళం. ఆమె మానిటర్లో బేస్ గిటార్, ప్యాడ్స్, రెండో గాయకుడు, ఫ్లూట్ అన్నీ పోస్తే ఆమె గొంతు వాటి కింద పూడిపోతుంది. డోలక్, తబలా వాయించేవాళ్ళకు తమ వాయిద్యం సాధారణంగా నేరుగానే వినపడుతుంది, ఒడిలోనే ఉంది కదా. వాళ్ళకు కావాల్సింది గాయకుడి గొంతు, ప్యాడ్స్ నడక. ప్యాడ్స్ వాయించేవాడి సంగతి వేరు. అతని వాయిద్యానికి సొంతంగా శబ్దమే లేదు, రబ్బరు మీద పుల్ల దెబ్బ తప్ప. మానిటర్ లేకపోతే అతను చెవిటివాడితో సమానం. అయినా మన స్టేజీల మీద అతన్ని ఎప్పుడూ వెనక మూలకు తోస్తారు, మానిటర్ ముందు గాయకులకే పెడతారు. ఉన్నవి మూడే అయితే ఒకటి అతనికి తప్పకుండా ఇవ్వాలని నేనంటాను. లయ మొత్తం అతని చేతిలో ఉంటుంది.

కీబోర్డ్ వాయించేవాళ్ళు తమది ఎక్కువ కావాలంటారు. ఇవ్వాలి కూడా. కాకపోతే తరచుగా వాళ్ళ ఇబ్బంది శబ్దం చాలకపోవడం కాదు, గాయకుడి మాట తెలియకపోవడం. పల్లవి మళ్ళీ అందుకుంటున్నాడా, చరణంలోకి పోతున్నాడా అని ఆత్రంగా పెదాల వైపు చూస్తుంటారు. అలా మెడ సాచి చూస్తున్న కీబోర్డిస్ట్ కనపడితే అతనికి గాయకుడి గొంతు కొంచెం ఇచ్చి చూడండి. సగం ఫిర్యాదులు అక్కడే ఆగిపోతాయి.

వినపడటం లేదన్నప్పుడు దేన్ని తగ్గించాలా అని ముందు వెతకాలి. గాయనికి తన గొంతు తెలియకపోతే ఆమె మానిటర్లో కీబోర్డ్‌ను 3 డెసిబెల్స్ దించి చూడండి. పక్కనున్న డోలక్ మానిటర్ మరీ గట్టిగా ఉండి ఆమె మైకులోకి వస్తోందేమో చూడండి. పెంచడం చివరి పని.

డబ్బు ఖర్చు లేకుండా దొరికే మేలు మానిటర్ దూరంలో ఉంది. దూరం సగం చేస్తే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అదే 6 డెసిబెల్స్ ఆంప్లిఫయర్‌తో తేవాలంటే నాలుగు రెట్ల పవర్ కావాలి. మూడు మీటర్ల దూరంలో ఉన్న మానిటర్‌ను మీటరున్నరకు జరిపితే 100 వాట్లతో 400 వాట్ల పని అయినట్టు. కల్యాణమండపంలో వేదిక అంచున పూల కుండీల వెనక పడున్న మానిటర్‌ను గాయని కాళ్ళ దగ్గరకు తెచ్చుకోవడానికి ఫోటోగ్రాఫర్‌తో రెండు నిమిషాలు మాట్లాడాలి, అంతే. ఇప్పుడు నేను సాయంత్రమే వెళ్ళి ఆయన కెమెరా ఎక్కడ పెడుతున్నారో కనుక్కుని, ఇద్దరం ఒక ఒప్పందానికి వస్తాం. అలా మర్యాదగా అడిగితే కాదన్నవాళ్ళు నాకు తగల్లేదు.

ఎంత దూరం అన్నదానితో పాటు ఏ దిక్కున అన్నదీ చూడాలి. మైకులన్నీ ఒకే రకంగా వినవు. ఎస్‌ఎం58 లాంటి కార్డియాయిడ్ మైకు తన తోక వైపు, అంటే కేబుల్ వచ్చే దిక్కున, అన్నిటికంటే తక్కువ వింటుంది. మానిటర్ ఆ తోకకు ఎదురుగా ఉంటే హౌలింగ్ తక్కువ. బీటా 58 లాంటి సూపర్ కార్డియాయిడ్ మైకుకు తోక వైపు కొంచెం వినపడుతుంది. అది తక్కువ వినేది వెనక రెండు పక్కల, ముందు నుంచి లెక్కేస్తే సుమారు 126 డిగ్రీల దగ్గర. దానికి మానిటర్‌ను నేరుగా ఎదురుగా పెట్టకుండా కొంచెం పక్కకు పెట్టాలి. మంచి మైకు కొన్నాం, అయినా అరుస్తోందని తల పట్టుకునేవాళ్ళలో చాలామంది పాత మైకుకు పెట్టిన చోటే మానిటర్ పెట్టి ఉంటారు. ఇక మైకు గుండును గుప్పిట్లో మూసి పాడేవాళ్ళు. చూడ్డానికి స్టైల్‌గానే ఉంటుంది. కానీ అలా మూస్తే మైకు వెనక గాలి దారులు మూసుకుపోయి అది అన్ని దిక్కులా వినడం మొదలుపెడుతుంది. మానిటర్ శబ్దం మొత్తం అందులోకే. కుర్ర గాయకులకు నేను ముందే చేత్తో పట్టి చూపిస్తాను, "ఇక్కడ పట్టుకో తమ్ముడూ, గుండు మూయొద్దు, నీకే మంచిది" అని. ఒకసారి తేడా వినిపిస్తే మళ్ళీ చెప్పక్కర్లేదు.

మిక్సర్‌లో చెయ్యాల్సిన పని గురించి కొత్తగా వస్తున్న పిల్లల కోసం కొంచెం వివరంగా చెప్తాను. మానిటర్‌కు శబ్దం పంపే దారి ఆగ్జ్, జనానికి వెళ్ళే శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీట ఫేడర్. ఆగ్జ్ ప్రీ-ఫేడర్‌లో, అంటే ఫేడర్‌కు ముందే శబ్దం తీసుకునేలా ఉండాలి. పోస్ట్-ఫేడర్‌లో ఉంటే జనం కోసం మీరు ఫేడర్ కదిపినప్పుడల్లా కళాకారుడి కాళ్ళ దగ్గర శబ్దం కూడా కదులుతుంది. పాట మధ్యలో మీరు గాయని ఫేడర్ దించితే ఆమెకు తన గొంతు మాయమవుతుంది, కారణం ఆమెకు తెలియదు. అయితే ప్రీ-ఫేడర్ పెట్టాం కదా అని ధీమాగా ఉండకూడదు. మైకు శబ్దాన్ని మిక్సర్‌లోకి రాగానే పెంచే గెయిన్ దానికంటే ముందుంటుంది. షో మధ్యలో గెయిన్ తిప్పితే అందరి మానిటర్లూ మారిపోతాయి. గెయిన్ సౌండ్ చెక్‌లోనే తేల్చుకోవాలి. ఆ తర్వాత దాని మీద చెయ్యి వెయ్యకూడదు.

గొంతు మైకులన్నిటికీ 100 హెర్ట్జ్ కంటే కింది మందర శబ్దాలు కోసెయ్యండి. బేస్ బాక్సుల శబ్దానికి దిక్కు ఉండదు, వెనక్కి కూడా వచ్చేస్తుంది. వేదిక మీద అది ఎలాగూ కావాల్సినదానికంటే ఎక్కువే ఉంటుంది. దాన్ని మానిటర్లోంచి కూడా ఇవ్వడం దండగ. తర్వాత ఒక్కో మానిటర్‌నూ మెల్లగా పెంచుతూ ఎక్కడ మోగడం మొదలవుతుందో చూసి, 31 బ్యాండ్ల ఈక్యూలో (శబ్దాన్ని మందరం నుంచి తారం దాకా ముక్కలు చేసి విడివిడిగా తగ్గించే పరికరం) ఆ ఒక్క చోట 3 నుంచి 6 డెసిబెల్స్ దించండి. మళ్ళీ పెంచండి, రెండో చోటు దొరుకుతుంది. మూడు, నాలుగు చోట్లతో ఆపాలి. నేను చూసిన కొన్ని ఈక్యూలు పళ్ళూడిన దువ్వెనల్లా ఉంటాయి, 20 చోట్ల కిందికి లాగేసి. హౌలింగ్ రాదు, నిజమే. గొంతూ రాదు. అక్షరాలు తెలియడానికి కావాల్సిన 2 వేల నుంచి 4 వేల హెర్ట్జ్ మొత్తం కోసేసి, ఆ తర్వాత "క్లియర్‌గా లేదు" అని గాయకుడు అంటే ఇంకా పెంచుతారు. అన్ని చోట్ల మోగుతోందంటే రోగం ఈక్యూలో లేదు. మానిటర్ పెట్టిన చోటు తప్పు, లేదా అడుగుతున్న శబ్దమే ఎక్కువ.

నేను సౌండ్ చెక్ మొదలుపెట్టేటప్పుడు జనం వైపు బాక్సులు పూర్తిగా ఆపేస్తాను. దీనికి నాతో గొడవ పడ్డ ఆర్గనైజర్లు ఉన్నారు, "సౌండ్ ఏదీ? పనిచేస్తోందా?" అని. ఓపిగ్గా చెప్తాను. ముందు మానిటర్లు కూడా లేకుండా ఒక పల్లవి వాయించమంటాను. నేరుగా ఎవరికి ఏం వినపడుతోందో అప్పుడు తెలుస్తుంది. లేనిదాన్ని మాత్రమే మానిటర్లో కలుపుతాను. అందరూ సరే అన్నాక ముందు బాక్సులు తెరుస్తాను. వెంటనే వేదిక మీదకు బేస్ పొర్లుతుంది. అప్పుడు మానిటర్లలో బేస్ గిటార్, కిక్ డ్రమ్ లాంటివి ఇంకా తగ్గించవచ్చు. చివరగా, ఈ పని అంతా ఖాళీ హాల్లో చేశామని మర్చిపోకూడదు. రాత్రికి జనం కూర్చుంటే వాళ్ళ ఒళ్ళు, చీరలు కొంత శబ్దాన్ని పీల్చుకుంటాయి, వాళ్ళ మాటలు వేరే శబ్దాన్ని తెస్తాయి. అందుకని హౌలింగ్ అంచు దాకా కాకుండా ఆరు డెసిబెల్స్ ముందే ఆగుతాను.

ఇంత చెప్పాక ఒక పెద్దాయన నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. "మానిటర్లు లేని రోజుల్లో మా వాళ్ళు తెల్లవార్లూ పాడలేదా నాయనా?" అన్నారాయన. పాడారు. నేనూ చూశాను. చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. చిన్నప్పుడు మా ఊరి భారతంలో కిరీటం, భుజకీర్తులు కట్టుకున్న వేషధారి తెల్లవారు జాము దాకా శ్రుతి తప్పకుండా పాడేవాడు. ఆ ప్రశ్న విన్నాక ఆ రంగస్థలాన్ని మళ్ళీ మళ్ళీ గుర్తుచేసుకున్నాను. హార్మోనియం, మృదంగం, తాళాలు, వంత పాడేవాళ్ళు అందరూ వెనక ఒక ముద్దగా ఉండేవాళ్ళు. వేషధారి ముందుకు వెళ్ళి నాలుగు అడుగులు ఆడి, పద్యం ఎత్తుకునే ముందు మళ్ళీ హార్మోనియం దగ్గరకే వచ్చేవాడు. అతనికీ శ్రుతికీ మధ్య దూరం రెండు గజాలు. చరణం చివర వంత అందుకుంటే ఆ శబ్దం అతని వీపుకు తగిలేది.

అదే మానిటర్. మనుషులతో కట్టిన మానిటర్. ఆ దగ్గరతనాన్ని పోగొట్టింది మనమే. నలభై అడుగుల స్టేజీ వేసి, కీబోర్డ్‌ను ఒక చివర, డోలక్‌ను ఇంకో చివర కూర్చోబెట్టి, మధ్యలో ఎల్‌ఈడీ తెర పెట్టి, ముందు పెద్ద బాక్సులు నిలబెట్టాం. రిసెప్షన్లలో ఇంకా అన్యాయం. పెద్ద వేదిక వధూవరులకు, ఆర్కెస్ట్రాకు పక్కన చిన్న దిమ్మె, అక్కడ వరసగా ఒకరి పక్కన ఒకరు. ఒకరి ముఖం ఒకరికి కనపడదు. పోగొట్టినదాన్ని తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత సౌండ్ పెట్టేవాడిది. వీలున్నచోట నేను ఇప్పుడు ఆ పాత పద్ధతికే పోతున్నాను. వేదిక ఎంత వెడల్పున్నా బృందాన్ని మధ్యకు లాగి, అర్ధచంద్రాకారంలో కూర్చోబెడతాను. లయ వాయిద్యాలన్నీ ఒకవైపు. గాయకులు వాటికి మూడు నాలుగు అడుగుల ముందు. మానిటర్ శబ్దం సగానికి తగ్గించినా ఎవరూ అడగరు.

శాస్త్రీయ కచేరీలో ఇది ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. తిరుపతిలో మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం లాంటి చోట్ల అన్నమయ్య కీర్తనలు వినడానికి వెళ్ళినప్పుడు నేను వేదిక మీద మానిటర్లు ఎక్కడున్నాయో చూస్తూ కూర్చుంటాను, అలవాటు. గాయకుడు, వయొలిన్, మృదంగం చేతికందే దూరంలో కూర్చుంటారు. వాళ్ళకు ముఖ్యంగా కావాల్సింది తంబురా శ్రుతి, తన గొంతు, పక్కవాద్యం కాస్త. అక్కడ మానిటర్ గట్టిగా పెడితే పాడు చేసినట్టే. సన్నటి గమకం తన చెవికి సహజంగా చేరాలని గాయకుడు కోరుకుంటాడు. పెద్ద విద్వాంసుడొకరు నాతో "శ్రుతి ఒక్కటి పెట్టు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. సినిమా పాటల ఆర్కెస్ట్రాకు అంతే చాలదు, తెలుసు. అయినా ఆ మాట ప్రతి షోలో నాకు గుర్తొస్తుంది.

ఈ మధ్య అందరూ ఇన్-ఇయర్ గురించి అడుగుతున్నారు. చెవిలో పెట్టుకునే మానిటర్. వేదిక మీద శబ్దం దాదాపు పోతుంది, హౌలింగ్ బాధ తప్పుతుంది, గాయకుడు ఎటు నడిచినా అదే మిక్స్ వినపడుతుంది. నేను దానికి వ్యతిరేకం కాదు, పెద్ద స్టేజీకి అదే మంచిది. కానీ కొన్న మర్నాడే అన్నీ సర్దుకుంటాయని అనుకోవద్దు. చెవులు రెండూ మూసుకుపోగానే జనం చప్పట్లు వినపడవు, పక్కవాడి మాట వినపడదు, బావిలో ఉన్నట్టుంటుంది. జనం వైపు ఒక మైకు పెట్టి దాన్ని కొంచెం కలపాలి. ఆ మాట ఎవరూ చెప్పకపోతే గాయకుడు ఒక చెవిది తీసేస్తాడు. అది అన్నిటికంటే ప్రమాదం. రెండు చెవులతో విన్నప్పుడు కలిగే గట్టిదనం ఒక్క చెవికి రాదు. అందుకని అతను మిగిలిన చెవిలో శబ్దం పెంచమంటాడు. తీసేసిన చెవికి వేదిక గోల, ఉన్న చెవికి ఇంకా పెద్ద గోల. శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే లిమిటర్ లేకుండా ఇన్-ఇయర్ ఇవ్వనే ఇవ్వకూడదు. ఒక కేబుల్ ఊడి 'ఠప్'మన్నా అది నేరుగా చెవి గూబ మీద పడుతుంది.

ఫోన్‌లో యాప్ పెట్టి ఎవరి మానిటర్ వాళ్ళే సర్దుకునే డిజిటల్ మిక్సర్లు కూడా వచ్చాయి. ఎక్స్‌ఆర్18 లాంటి చిన్నదానిలో కూడా ఆరు ఆగ్జ్‌లు ఉన్నాయి. సౌకర్యమే. కానీ నేలమీద బాక్సులు ఉన్నచోట ఆ ఫోన్ ఎవరి చేతికీ ఇవ్వను. ప్రతివాడూ తనది పెంచుకుంటాడు, పైన చెప్పిన కథే మళ్ళీ, ఈసారి ఆరు చేతులతో.

చెవుల గురించి నేను ఊరికే భయపెట్టడం లేదు. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ చెప్పే హద్దు 85 డెసిబెల్స్‌కు రోజుకు 8 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 94 అయితే గంట. 100 అయితే 15 నిమిషాలు. మన వేదికల మీద డోలక్ పక్కన, మానిటర్ ముందు వంద దాటడం వింత కాదు, ప్రోగ్రామ్ మూడు గంటలు. సీజన్లో రోజు విడిచి రోజు. కాణిపాకం బ్రహ్మోత్సవాలు చవితి నుంచి 21 రోజులు సాగుతాయి, ఆ రోజుల్లో చిత్తూరు చుట్టూ పందిళ్ళకు తిరిగే వాయిద్యకారులకు విశ్రాంతే ఉండదు. షో అయ్యాక చెవిలో కీచుమని మోగడం వాళ్ళకు మామూలైపోయింది. మామూలు కాకూడదు. వాళ్ళ బతుకు ఆ చెవుల మీదే ఉంది. కింద కూర్చున్నవాళ్ళకు గట్టిగా ఉంటే లేచి వెనక్కి వెళ్తారు. వేదిక మీద ఉన్నవాళ్ళు ఎక్కడికి పోతారు?

టైమ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది తర్వాత బయట లౌడ్ స్పీకర్లు ఆపాలి. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వచ్చు. పది గంటలకు ఆపడం నాకు న్యాయంగానే ఉంది. బాధంతా సాయంత్రం దగ్గర వస్తుంది. షామియానా ఆలస్యం, జనరేటర్ ఆలస్యం, లైటింగ్ వాళ్ళ నిచ్చెన దిగదు. అవన్నీ అయ్యాక ఏడింటికి అతిథులు వస్తుండగా సౌండ్‌కు పది నిమిషాలు మిగులుతాయి. ఆ పది నిమిషాల్లో ఎవరైనా ముందు బాక్సులే మోగిస్తారు, మానిటర్లకు దండం పెడతారు. ఇప్పుడు నేను ఒప్పుకునేటప్పుడే రెండు షరతులు చెప్తున్నాను. వేదిక ఐదింటికల్లా నా చేతికి రావాలి. కొటేషన్‌లో తగ్గించాలంటే ముందు బాక్సుల్లో ఒక జత తగ్గించండి, మానిటర్లు తగ్గించవద్దు. కొన్ని ప్రోగ్రాములు దీనివల్ల చేజారాయి. ఆ డబ్బు పోయినందుకు ఇంట్లో కష్టమైంది. అయినా తిరుచానూరు రోడ్డు రాత్రి మళ్ళీ నా చేతులతో జరగడం నాకు ఇష్టం లేదు.

మొన్న పుత్తూరు దగ్గర ఒక రిసెప్షన్. బృందాన్ని మధ్యకు లాగి కూర్చోబెట్టాను, ఐదు మానిటర్లు. తబలా మాస్టారు అరవై దాటినవారు, ముప్పై ఏళ్ళుగా ప్రతి స్టేజీ మీదా కుడి చెయ్యి పైకెత్తి పెంచమని చూపించడమే నేను ఎరుగుదును. మూడో పాట అయ్యాక ఆయన నా వైపు తిరిగారు. అలవాటుగా ఆగ్జ్ మీద చెయ్యి వేశాను. ఆయన అరచెయ్యి కిందికి తిప్పి, నేల వైపు మెల్లగా నొక్కారు. నాకు అర్థం కాలేదు. మైకులోనే అన్నారు, "కొంచెం తగ్గించు నాయనా, పాప గొంతు బాగా తెలుస్తా ఉంది."

రెండు డెసిబెల్స్ దించాను. ఆయన ఇంకా నొక్కుతూనే ఉన్నారు.